బేస్‌మెంట్‌లో పాతాళం: మినసోటా చలికాలంలో ఓ ఇంటి నాటకం (కేస్ స్టడీ)

అమెరికాలో, మినసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ శివార్లలో మేముండే వీధిలో నవంబరు దాటితే మనిషి కనబడడు. గరాజ్ తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగుతుంది, అంతే. డిసెంబరు 21 ప్రాంతంలో ఎనిమిదికి కాస్త ముందు తెల్లవారుతుంది, నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. పగలంతా కలిపినా తొమ్మిది గంటలు నిండవు. కూతురి కాన్పుకని ఇండియా నుంచి వచ్చిన అమ్మలకు ఈ నెలలెలా గడుస్తాయో ఇక్కడి తెలుగు ఇళ్ళలో అందరికీ తెలుసు. వంటిల్లు, పసిబిడ్డ, ఫోన్లో సీరియల్, కిటికీ. ఎయిర్‌పోర్టులో మామూలుగా ఆరు నెలలు ఉండడానికి అనుమతి ఇస్తారు, అందులో నాలుగు నెలలు మంచులోనే పోతాయి.

ఆ ఇళ్ళలో ఒకదాంట్లోనే, ఆ మనుషులతోనే, గ్రీకుల పంటల దేవత డిమీటర్, ఆమె కూతురు పర్సెఫొనీల కథను జనవరిలో నాటకంగా ఆడాం. తెలుగులో, గంటా పావు నిడివి, టికెట్ లేదు, వేదిక లేదు, మైకు లేదు. దర్శకత్వం నాది. ఇంట్లో నాటకం వేసే ఆలోచన ఉన్నవాళ్ళకు అక్కరకొస్తుందని, ఏది ఎందుకు పెట్టామో, పెట్టింది ఎలా పనిచేసిందో రాస్తున్నాను.

కథ, అందులో మాకు కావలసిన ముక్క

ఈ కథకు దొరుకుతున్న పాత పాఠాల్లో ముఖ్యమైనది హోమర్ పేరు మీద చెలామణీ అయ్యే స్తోత్రాల్లో ఒకటి. క్రీస్తుపూర్వం ఏడు, ఆరు శతాబ్దాల నాటిదంటారు. 495 పంక్తులు. శతాబ్దాల పాటు ఎవరి కంటా పడకుండా ఉండి, 1777లో మాస్కోలో ఒక రాతప్రతిలో బయటపడింది.

పర్సెఫొనీ నేస్తాలతో కలిసి పువ్వులు కోస్తుంటుంది. ఒక నార్సిసస్ పువ్వు కోసం చెయ్యి చాచగానే నేల విచ్చుకుంటుంది. పాతాళపు రాజు హేడీస్ బంగారు రథం మీద వచ్చి ఎత్తుకుపోతాడు. తండ్రి, దేవతల రాజు జ్యూస్ ఈ సంబంధానికి ముందే ఒప్పేసుకున్నాడు, తల్లికి మాత్రం చెప్పలేదు. డిమీటర్ తొమ్మిది రోజులు తిండీ స్నానం లేకుండా చేతుల్లో కాగడాలతో తిరుగుతుంది. చివరికి పంటలన్నీ ఆపేస్తుంది. దేవతలు దిగొచ్చి పిల్లను పైకి పంపిస్తారు. కానీ పిల్ల అక్కడ దానిమ్మ గింజ తినేసి ఉంటుంది, కాబట్టి ఏటా కొన్నాళ్ళు కిందికి పోవలసిందే.

జనానికి గుర్తుండేవి రెండు: ఎత్తుకుపోవడం, దానిమ్మ. నన్ను పట్టుకున్నది ఆ రెంటి నడుమ, ఎల్యూసిస్ అనే ఊళ్ళో జరిగే ఘట్టం. డిమీటర్ ముసలమ్మ వేషం వేసుకుని ఊరి బావి దగ్గర కూర్చుంటుంది. నీళ్ళకొచ్చిన ఆడపిల్లలు పలకరిస్తే తన పేరు డోసో అనీ, క్రీట్ నుంచి దొంగలు ఎత్తుకొచ్చారనీ అబద్ధం చెబుతుంది. వాళ్ళు ఇంటికి తీసుకుపోతారు. తల్లి మెటనైరా తన పసివాణ్ణి చేతికిస్తుంది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి పరాయి ఇంట్లో, పరాయి బిడ్డకు ఆయాగా కుదురుకుంటుంది. నేను చూసిన ప్రదర్శనల్లో కత్తెర పడింది ఈ ఘట్టానికే. మేం తిరగేసి, నాటకంలో సగానికి పైగా దీనికే ఇచ్చాం. మన అమ్మలు అమెరికాలో చేస్తున్నది దాదాపు ఇదే గదా అన్నది నా వాదం.

ఎన్నాళ్ళు కింద, ఎన్నాళ్ళు పైన అన్న లెక్క దగ్గర కాస్త ఆగాం. స్తోత్రంలో ఏడాదికి మూడో వంతు కింద. రోమన్ కవి ఒవిడ్ తన కావ్యం మెటమార్ఫసిస్‌లో దాన్ని సగం సగం చేశాడు. మేం ఒవిడ్ లెక్కే తీసుకున్నాం. ఆరు నెలల అనుమతికి అదే అతుకుతుంది. కాకపోతే మా నాటకంలో ఆరేసి నెలలు అటూ ఇటూ తిరిగేది కూతురు కాదు, తల్లి.

డిమీటర్‌గా వేసింది నిజంగానే కాన్పుకొచ్చిన అమ్మ. వరంగల్ వైపు మనిషి, అరవై దాటాయి. బళ్ళో చదివేటప్పుడు ఏకపాత్ర వేశానంది, ఆ తర్వాత మళ్ళీ ముఖానికి రంగు లేదు. కథ విన్న రోజే నిలదీసింది. "బిడ్డా, దేవత అంటివి గదా. మరి పిల్ల ఏడికి పోయిందో గామెకే తెల్వకపాయెనా?" స్తోత్రంలో పిల్ల పెట్టిన కేక హెకటీ అనే దేవతకు వినబడింది, జరిగింది సూర్యుడు చూశాడు, తల్లికి మాత్రం ఎవరో చెబితేగానీ తెలియలేదు అన్నాను. కాసేపు ఆలోచించి, "మొగడు చెప్పలే గదా, ఎట్ల తెలుస్తది" అని తనే జవాబు చెప్పుకుంది. ఆ రెండు మాటలూ అలాగే నాటకంలోకి వచ్చాయి.

ఆవిడ అడ్డం తిరిగిన చోటు ఇంకోటుంది. "సంక్రాంతి నెలల పంట లేదంటే ఎవలు నమ్ముతరు?" న్యాయమైన ప్రశ్న. చలికాలం నేల గొడ్డుబోయే కాలం అన్నది మంచు దేశాల లెక్క. గ్రీసులోనూ గోధుమ, బార్లీ తొలకరి పడ్డాక అక్టోబరు, నవంబరుల్లో చల్లుతారు, చలికాలమంతా చేను పచ్చగా ఉంటుంది, మే, జూన్‌లలో కోత. ఎండిపోయేది ఎండాకాలం. అందుకే పర్సెఫొనీ కింద ఉండే కాలం చలికాలం కాదు, విత్తనపు గింజలు నేలలోని జాడీల్లో దాగి ఉండే ఎండాకాలమేనని వాదించిన పండితులున్నారు. స్తోత్రంలో ఆమె వసంతంలో పువ్వులతో పాటు పైకొస్తుందని ఉంది కాబట్టి ఆ వాదన అందరూ ఒప్పుకున్నది కాదు. మన దిక్కున యాసంగి జొన్న, శనగ చేలమీద ఉండేదీ చలికాలంలోనే, బీటలు తీసేది రోహిణి కార్తెలో. మా నటుల్లో చాలామంది పల్లెల్లో పెరిగినవాళ్ళు. చలి అనగానే వాళ్ళకు తోచేది కోత, గాదె, పిండివంట. చలంటే ఏమీ మొలవకపోవడం అన్నది వాళ్ళకు మినసోటా నేర్పింది. ఈ తేడాను సర్దెయ్యాలని చూడలేదు. డిమీటర్ పంట ఆపేసే చోట పక్కనున్న పాత్ర "అదేంటి, సంక్రాంతి గదా" అంటుంది. జనం నవ్వారు, అమ్మ నవ్వలేదు. ఆ సీను అక్కడ బిగిసింది.

ఇల్లే రంగస్థలం

మినియాపొలిస్‌కు గ్రీకు నాటకం కొత్త కాదు. 1963లో తెరిచిన ఇక్కడి గత్రీ థియేటర్ 1967లో ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ నాటకత్రయాన్ని పెద్ద పెద్ద మాస్కులతో, ఆడపాత్రలకు మగవాళ్ళను పెట్టి ఆడింది. ఆ కొలతలు ఇంటికి పనికిరావు. ప్రేక్షకుడు చెయ్యి చాస్తే నటుడికి తగిలే దూరంలో మాస్కు పెడితే అది ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అవుతుంది. మాకు పనికొచ్చిన గ్రీకు మాదిరి వేరే ఉంది: లేనియా. ఏథెన్స్‌లో జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో జరిగే నాటకోత్సవం. చలికాలపు సముద్రానికి జడిసి ఓడలు తిరగవు, పరదేశులు రారు. క్రీ.పూ. 425 లేనియాలో ఆడిన నాటకంలో హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ ఆ సంగతే పాత్ర చేత అనిపిస్తాడు: ఇక్కడ ఉన్నది మనవాళ్ళమే, బయటివాళ్ళింకా రాలేదని. ఆ ధైర్యమే మాకు కావలసింది. పాతికమందికి మించి పిలవలేదు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే.

ఆట శనివారం సాయంత్రం నాలుగుంబావుకు మొదలు. జనవరి మధ్యలో పొద్దు గుంకేది సుమారు ఐదింటికి. హాల్లో పెద్ద అద్దాల తలుపు వెనక పెరడంతా మంచు. మంచు మీద పడి వచ్చే వెలుగు గదిలోకి కింది నుంచి పైకి కొడుతుంది, ముఖాల మీద నీడలుండవు. పువ్వులు కోసే సీనుకు లైట్లే వెయ్యలేదు. పిల్ల మాయమయ్యేసరికి గది నీలంగా మారింది, తల్లి వెతకడం మొదలుపెట్టేసరికి చీకటి. నాకు తెలిసిన ఏ లైటింగ్ బోర్డు మీదా అంత నెమ్మదిగా వెలుగు దించలేదు.

జనవరిలో పువ్వులెక్కడివి? ఇక్కడ కొత్త సంవత్సరం రాగానే పోస్టు డబ్బాలోకి విత్తనాల కంపెనీల కేటలాగులు వచ్చి పడతాయి. పిల్లల్ని కూర్చోబెట్టి వాటిలోని బంతులూ జీనియాలూ కత్తిరించాం. ఎలా ఆడాలన్న దాని మీద ఇద్దరు నటీమణులకు పోట్లాట వచ్చింది. గోదావరి అమ్మాయి గొబ్బి తట్టాలంది, "సంక్రాంతి నెలలో బతుకమ్మేంటక్కా?" కరీంనగర్ అమ్మాయి బతుకమ్మే అంది, "పువ్వులంటే బతుకమ్మనే గదక్కా." నెల లెక్కన మొదటి అమ్మాయిదే రైటు. నేను మాత్రం బతుకమ్మ అడుగు తీసుకున్నాను, దానికి నాటకపు కారణం ఉంది. వంగి చప్పట్లు చరుస్తూ గుండ్రంగా తిరిగే ఆ అడుగు చూస్తే మన ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చోరు. అనుకున్నట్టే ఒక్కొక్కరూ లేచి వలయంలో కలిశారు. పాట "ఉయ్యాలో" అంటూ సాగుతూ ఉంది. నడిమధ్యలో గరాజ్ తలుపు లేచింది.

ఈ ఒక్క క్షణం కోసమే మిగతా ఇంటిని సర్దామని చెప్పొచ్చు. మా ఇళ్ళలో గరాజ్ ఇంటికి అతికి ఉంటుంది, హాలు నుంచి చిన్న నడవా దాటితే దాని తలుపు. ఆ తలుపు ముందే తీసి తెర కట్టాం. బయటి పెద్ద తలుపు మోటారు మీద లేవడానికి పన్నెండు, పదిహేను సెకన్లు. ఆ చలికి స్ప్రింగు మూలుగుతుంది. ఇల్లంతా కాళ్ళ కింద గుర్రుమంటుంది. డ్రైవ్‌వే మీద మినీవ్యాన్ గరాజ్‌కు ఎదురుగా నిలబెట్టాం. తెర తొలగగానే దాని హెడ్‌లైట్లు గరాజ్ గుండా నేరుగా హాల్లోకి కొట్టాయి. బయట మైనస్ 18. ఆ గాలి మనుషుల చీలమండల మీదుగా లోపలికి పాకింది. పాట ఆగింది, చేతులు చప్పట్ల మధ్యలో ఆగిపోయాయి. తలుపు దిగాక వలయంలో ఒక పిల్ల లేదు. పక్కన ఆడుతున్నవాళ్ళక్కూడా ఎప్పుడు పోయిందో తెలియదు. ఎవరో "అరె, ఆ పసుపు లంగావోణీ పిల్లేది?" అని నిజంగానే అడిగారు.

ఒక హెచ్చరిక. వ్యాన్ ఇంజన్ ఆడించలేదు, బ్యాటరీ మీదే లైట్లు. ఇంటికి అతికిన గరాజ్‌లోకి పొగ వస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకొస్తుంది, తలుపు తెరిచే ఉంది గదా అనుకోకూడదు.

తల్లి వెతుకులాట ఇంటి బయట. ప్రేక్షకులు లోపలే. మంచులో ముందే పారతో దారి తీసి ఉంచాం. శాలువా కప్పుకున్న మనిషి రెండు లాంతర్లతో ఇంటి చుట్టూ తిరుగుతుంటే వెలుగు ఒక్కో కిటికీనీ దాటుకుంటూ పోతుంది. అది అమ్మ కాదు. ఆ వయసు మనిషిని ఆ చలిలోకి పంపే ప్రశ్నే లేదు. అదే శాలువాలో ఇంకో కుర్రది తిరిగింది, చీర కింద స్నో బూట్లు. ఆమె ముందు గుమ్మం దగ్గరకు వచ్చి తలుపు తట్టగానే లాంతర్లు చేతులు మారాయి, లోపలికి వచ్చింది అమ్మ.

ఇంటి నాటకానికి అసలు శత్రువు ఫర్నేస్, ఇల్లంతా వేడిచేసే యంత్రం. ఎప్పుడు అందుకుంటుందో తెలియదు, అందుకుంటే పది నిమిషాలు వెంట్ల నుంచి హోరు, గొంతు తగ్గించి చెప్పే డైలాగ్ దాని పాలే. ఆటకు ముందు ఇంటిని 74 ఫారెన్‌హీట్ దాకా వేడెక్కించి, మొదలవ్వగానే థర్మోస్టాట్ 60కి దించేశాం. చలేస్తుందేమోనని కొందరు గొణిగారు. కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. నటులతో కలిపి సుమారు ముప్పై మందంటే 3 కిలోవాట్లు, రెండు స్పేస్ హీటర్లు పెట్టినట్టే. గరాజ్ తలుపు తీసి మూసినా ఆట అయ్యేదాకా ఫర్నేస్ అందుకోలేదు.

అంబలి, సాంబ్రాణి

ఎల్యూసిస్ ఇంట్లో డిమీటర్‌కు మంచి ఆసనం చూపిస్తారు, వద్దంటుంది. ఇయాంబీ అనే పనిమనిషి మామూలు పీట తెచ్చి మీద గొర్రె ఉన్ని పరుస్తుంది. ఆవిడ దాని మీద మాటా నవ్వూ తిండీ లేకుండా కూర్చుంటుంది. ఇయాంబీ మోటు పరాచికాలాడి నవ్విస్తుంది. గ్రీకు మూలంలో ఆ పరాచికాలేమిటో రాయలేదు, కవి మర్యాదగా దాటేశాడు. మాకు ఆ ఇబ్బంది లేదు. పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని దెప్పే పాటలు మనకు కొల్లలు. ఇయాంబీ వేసినామె వియ్యపురాలి మీద ఒక పాట అందుకుంది, రెండో చరణానికి ప్రేక్షకుల్లోని పెద్దావిడ మూడో చరణం తనే అందించింది, అది మా స్క్రిప్టులో లేదు, ఇక్కడ రాయదగ్గదీ కాదు.

నవ్వాక డిమీటర్ ఎర్రటి ద్రాక్షసారా వద్దని బార్లీ పిండి, నీళ్ళు, ఒక రకం పుదీనా కలిపిన పానీయం అడిగి తాగుతుంది. మేం జొన్నంబలి చేసి పుదీనా వేశాం. అమ్మ రిహార్సల్‌లో ఒక గుక్క తాగి, "గింత ఉప్పెయ్యున్రి" అంది.

ఆ తర్వాతిది నాకు ఈ నాటకంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. మూలంలో డిమీటర్ ఆ పసివాడికి చావు లేకుండా చేయాలని పగలు అమృతం పూసి, రాత్రుళ్ళు నిప్పుల్లో దాస్తుంది. ఒక రాత్రి మెటనైరా తొంగిచూసి కెవ్వుమంటుంది. దేవతకు కోపమొచ్చి బిడ్డను నేలమీద పెట్టేస్తుంది, అమరత్వం అక్కడితో పోతుంది. దీన్ని బిడ్డకు నీళ్ళు పోయడంగా ఆడాం. బొమ్మను పెట్టలేదు. అమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు బారచాపింది, చీర మోకాళ్ళ దాకా ఎగదోసింది. ఉత్త కాళ్ళ మీద ఎడమచెయ్యి మెడ కిందికి పోయింది, కుడిచేత్తో నలుగు పెట్టింది, తిరగేసి వీపు రాసింది, ముక్కు నొక్కింది, చెంబుతో లేని నీళ్ళు పోసింది, కళ్ళల్లో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగు నిమిషాలు, మాట లేదు. నేను నేర్పింది ఏమీ లేదు, రోజూ పొద్దున చేస్తున్న పనే. ముందు వరుసలో బాలింత అమ్మాయి ఒకతె ఉంది, ఆమె చెయ్యి కూడా తెలియకుండానే నుదుటి దాకా లేవడం చూశాను.

నీళ్ళయ్యాక సాంబ్రాణి. నిప్పు వాడలేదు, ఎలక్ట్రిక్ పళ్ళెం మీద పొడి వేడెక్కితే వాసన వచ్చింది, పొగ నామమాత్రం. బిడ్డను ఆ పొగ మీదికి వంచగానే స్మోక్ అలారం కూసింది. మెటనైరా కేక అదే, ఆమెకు వేరే డైలాగ్ లేదు. పైగదిలో ఒకరు టెస్ట్ బటన్ నొక్కారు. కొత్త ఇళ్ళలో అలారాలన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒకటి కూస్తే ఇల్లంతా కూస్తుంది. అమెరికాలో బిడ్డకు పొగ వేసిన ప్రతి అమ్మమ్మా ఆ కూత వినే ఉంటుంది, కూతురో అల్లుడో టవల్ ఊపుతూ పరిగెత్తుకు రావడం చూసే ఉంటుంది. గదిలో సగం మంది నవ్వారు. అమ్మ చేతులు ఖాళీగా పక్కకు దించి, అల్లుడిగా వేసిన అబ్బాయి వైపు చూసింది. నవ్వు అక్కడే తెగింది.

దేవతల రాయబారాలు మూలంలో పొడుగ్గా ఉంటాయి. ముగ్గురు నిలబడి బుర్రకథ ఫక్కీలో, తందాన తాన అంటూ ఐదు నిమిషాల్లో తేల్చేశారు. జ్యూస్ మా నాటకంలో కనబడడు.

గింజ

పాతాళం బేస్‌మెంటే, ఇంటి కింద నేలలో ఉండే గది. ఫినిష్ చెయ్యని బేస్‌మెంట్, కింద ఉత్త కాంక్రీటు. ఇక్కడ అతిథులు బూట్లు గుమ్మం దగ్గరే విప్పేస్తారు, కాబట్టి పాతికమందీ మేజోళ్ళ మీదున్నారు. పైన కార్పెట్ మీద నడిచిన కాళ్ళు చివరి మెట్టు దిగి కాంక్రీటు తాకగానే తెలిసిపోతుంది ఎక్కడికొచ్చామో. సెట్ ఏమీ వెయ్యలేదు, ఫర్నేస్, వాటర్ హీటర్ పక్కన చిన్న దీపం. మెట్ల దారి ఒక్కటే, అందుకని దిగడానికీ ఎక్కడానికీ ఒక మనిషిని టార్చితో నిలబెట్టాం, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు పైనే వేరే కుర్చీలు వేశాం.

చీకట్లో ఒక చెయ్యి వచ్చి ప్రతివాళ్ళ అరచేతిలో ఒక్కో దానిమ్మ గింజ పెట్టింది. తినమనలేదు, తినొద్దనలేదు. తర్వాత ప్రకటన: తిన్నవాళ్ళు ఇక్కడే ఉండాలి, తిననివాళ్ళు పైకి వెళ్ళి తల్లీకూతుళ్ళ కలయిక చూడొచ్చు. రిహార్సల్‌లో స్నేహితుల మీద ప్రయత్నించినప్పుడే తేలిపోయింది: కుడిచేతిలో ఏదైనా పెడితే తెలుగువాడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటాడు, అది ప్రసాదం. దాన్నే నమ్ముకున్నాం. ఆట రోజు పైకి వెళ్ళినవాళ్ళు ఐదుగురు, వాళ్ళలో ముగ్గురు పిల్లలు.

కింద మిగిలిన ఇరవైమందికి చివరి సీను లేదు. చెక్క దూలాల మీద నేల కాబట్టి పైన ఎవరెటు నడిచినా వినబడుతుంది. అమ్మ అడుగులు ఒక మూల నుంచి, పిల్ల అడుగులు ఇంకో మూల నుంచి వచ్చి మధ్యలో కలిశాయి, కాసేపు కదలిక లేదు. ఆ తర్వాత సూట్‌కేసు చక్రాల చప్పుడు. అమ్మ ఆరు నెలలు అయిపోయాయి.

ఇది అన్యాయమని పోట్లాడినవాళ్ళున్నారు. "గింజ తిన్న పాపానికి క్లైమాక్స్ చూపించరా?" అని ఒకాయన భోజనాల దగ్గర గట్టిగానే అడిగారు. ఆయనకు నేనిచ్చిన జవాబు, కథలో పిల్లకు కూడా ఎవరూ ముందు చెప్పలేదని. ఆయన ఒప్పుకోలేదు. రెండోసారి ఆడినప్పుడూ అలాగే ఉంచాం. మార్చింది ఒకటే, పైనవాళ్ళను హాలు మధ్యలో కాక గోడ వారగా కూర్చోబెట్టాం, నటుల అడుగుల్లో వాళ్ళ అడుగులు కలవకుండా.

లెక్కలో లేనిది ఒకటి జరిగింది. ఆ పొడిగాలిలో కార్పెట్ మీద ఉన్ని మేజోళ్ళతో నడిస్తే ఒంట్లో కరెంటు చేరుతుంది. పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన దేవతల దూత హెర్మీస్ పైనుంచి దిగి ఆమె వేలు ముట్టుకోగానే చిటుక్కున నీలి మెరుపు, ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. రెండో ఆటలో కావాలని కాళ్ళు రాస్తూ వచ్చినా రాలేదు. పట్టుచీరలు మాత్రం రెండు ఆటల్లోనూ కాళ్ళకు చుట్టుకుపోయాయి, ఇలాంటి ఊళ్ళో నూలు చీరలే మేలు. నటుల గొంతులు ఎండిపోకుండా ముందురోజు రాత్రి నుంచే ఇంట్లో హ్యుమిడిఫయర్ నడపాలి.

డాలస్ నుంచి మిత్రులు స్క్రిప్టు అడిగారు. ఇచ్చాను, కానీ ఉన్నదున్నట్టు అక్కడ నడవదు. టెక్సస్ ఇళ్ళకు బేస్‌మెంట్ అరుదు, జనవరిలో గరాజ్ తలుపు తీస్తే పెద్దగా ఏమీ జరగదు. అటక వాడదామా అన్నారు. పాతాళం నెత్తిమీద ఉంటే కుదరదు. గరాజ్‌నే పాతాళం చేసి, జూలైలో ఆడమన్నాను. అప్పుడు అక్కడ గడ్డి మాడిపోయి ఉంటుంది, ఎండాకాలమే గొడ్డుకాలమన్న ఆ పండితుల లెక్కకూ, మా అమ్మ లెక్కకూ సరిపోతుంది. కాకపోతే సంక్రాంతి డైలాగ్ తీసెయ్యాలి. ఫర్నేస్ బదులు ఏసీ హోరుతో వేగాలి. జూలైలో పొద్దు గుంకేది ఎనిమిదిన్నరకు కాబట్టి ఆట ఏడున్నర తర్వాతే మొదలుపెట్టాలి. దానిమ్మలు కూడా అప్పుడు సీజన్ కాదు, గింజలు ముందే ఫ్రీజర్‌లో పెట్టుకోమని చెప్పాను.